మూడో రోజు స్నానం

మా తోటికోడలు మొన్న మంగళవారం పోయింది. ఫ్లూ వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. బెంగాల్లో మా రైల్వే క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో ఆ కబురు ఎవరూ నమ్మలేదు. "ఆవిడా? జొరానికా?" అని పక్క క్వార్టర్ ఆవిడ నన్నే రెండుసార్లు అడిగింది. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు పట్టుకెళ్ళేది మా తోటికోడలే మరి.

నేను ఆవిడని అక్కా అని పిలిచేదాన్ని. నా పెళ్ళైన ఏడాదే ఇంటిల్లిపాదికీ జ్వరాలు తగిలాయి. బావగారూ మా ఆయనా చెరో మంచం మీద మూలుగుతున్నారు. అక్కకీ నాకూ కూడా ఒళ్ళు కాలిపోతోంది. "మగోళ్ళకి జొరమొస్తే ఇల్లంతా మంచమెక్కాల. మనకొస్తే పొయ్యికాడే దిగిపోద్ది. లే పిల్లా, అల్లం దంచు" అంది అక్క. నవ్వొచ్చి లేచాను. మూడో రోజుకల్లా పెద్ద గుండిగలో నీళ్ళు కాచుకుని, తలారా పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని వంటింట్లోకి వచ్చేసింది. ఎప్పుడు జ్వరమొచ్చినా అంతే. అక్క మూడో రోజు స్నానం చేసిందంటే ఇంట్లోంచి జ్వరం వెళ్ళిపోయినట్టే.

నలభై నిండకముందే అక్కకి నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం మొదలైంది. మా వాళ్ళకి పెద్ద ఆపరేషన్ అంటే శ్రీకాకుళం వైపు సొంతూరికి వెళ్ళి చేయించుకోవడమే. అక్కడ మన భాష, మన మనుషులు అన్న ధైర్యం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. "పిల్లలు పుట్టేసినారు, ఇంకేటికవి? పీడ పోద్ది" అన్నారు అత్తగారు. అక్క తలూపింది. ఈ ఏడాది నాకూ అదే బాధ మొదలైంది. నన్నూ ఊరికి పంపించి అన్నీ తీయించేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు.

ఆపరేషన్ అయ్యాక ప్రతి చలికాలం అక్కకి జలుబు ఛాతీలోకి దిగేది. వారాల తరబడి దగ్గేది. అయినా మూడో రోజు స్నానం మాత్రం మానలేదు. నీళ్ళు పోసుకుని గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, "ఠీక్ హై, ఠీక్ హై" అనేది. మేమూ సరే అనుకునేవాళ్ళం.

ఈసారి జ్వరంతో పాటు ఆయాసం కూడా వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళదామంటే బావగారు ఒప్పుకోలేదు. "దాని సంగతి మీకు తెల్దేటి? రేపు మూడో రోజు. లేసేస్తాది" అన్నారు. మర్నాడు పొద్దున్నే గుండిగలో నీళ్ళు పెట్టారు. నీళ్ళు మరిగిపోయాయి గానీ అక్క లేవలేదు. దగ్గరికెళ్ళి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ పాత జబ్బులన్నీ అడుగుతూ ఆ ఆపరేషన్ దగ్గర ఆగింది. అంత చిన్న వయసులోనే అండాశయాలు తీసేశాక హార్మోన్ మందులేమైనా వాడారా అని అడిగింది. అలాంటివి ఉంటాయనే మాకు తెలియదు. ఆ హార్మోన్లు పిల్లల కోసమే కాదట. వైరస్‌తో ఒళ్ళు పోరాడటానికీ, దెబ్బతిన్న ఊపిరితిత్తులు మానడానికీ కూడా సాయపడతాయని పరిశోధకులు అనుకుంటున్నారట. ఇంకా తేలాల్సింది చాలా ఉందట. "ఈవిడ విషయంలో అదే కారణమని నేను చెప్పలేను. ఆలస్యం చేశారని మాత్రం చెప్పగలను" అంది. బావగారు వరండాలోకి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ మాటలు మంచం మీదున్న అక్క కూడా విన్నది. ఆక్సిజన్ మాస్కు పక్కకి తోసి నా చెయ్యి పట్టుకుంది.

"ఏటేటి తీస్తారో అడుగు. ఎందుకు తీస్తారో అడుగు. నానడగనేదు."

అవే అక్క నాతో అన్న ఆఖరి మాటలు. నాకు అందరి మీదా కోపంగా ఉంది, పోయిన అత్తగారి మీద కూడా. అక్క ఒక్కర్తి మీదే కోపం రావడం లేదు. ఊరి ప్రయాణం ఆపేశాను. ముందు ఇక్కడి డాక్టరమ్మ దగ్గర కూర్చుని అక్క చెప్పిన రెండూ అడుగుతాను.

అక్కని ఇంటికి తెచ్చాక బావగారు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అదే గుండిగ పొయ్యి మీద పెట్టారు. నీళ్ళు నేనే పోశాను. పొత్తికడుపు మీద పాత కుట్ల గీత తెల్లగా ఉంది. దాని మీదుగా నీళ్ళు జారిపోతుంటే కాసేపు చూస్తూ ఉండిపోయాను. తరువాత ఒళ్ళు తుడిచి, అక్క వేసుకునేలాగే, తడి జుట్టు ముడేశాను.