ఎనిమిది మంది వరసలు, నాలుగు తీగలు

బేతంచెర్లలో మాదొక చిన్న ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకూ వినాయక చవితి పందిళ్లకూ పోయేవాళ్లం. నేను హైస్కూల్లో లెక్కల టీచరును, వయొలిన్ వాయించేదాన్ని. మిగతా ఏడుగురూ నాపరాళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. వాళ్లలో క్లారినెట్ వాయించే పెద్దాయనదే పెత్తనం, అందరం అన్నా అని పిలిచేవాళ్లం. ప్రతి కార్యక్రమానికీ మొదట మేం వాయించే సంగీతం ఆయన సొంతంగా కట్టిందే. ఎనిమిది వాయిద్యాలూ ఒకదాని వెంట ఒకటి చేరి, చివర్లో అన్నీ కలిసి పైకి లేచేవి.

పోయినేడు ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమ్మా, మన సంగీతాన్ని నువ్వొక్కదానివే వాయించేట్ల రాస్తావా?"

"ఎందుకన్నా? అందరం ఉండాం కదా."

"ఊరికేమ్మా. ఉంటే మంచిది."

ఆ మాట నా మొహం చూడకుండా అన్నాడు. ఆ రోజంతా అది నన్ను వదల్లేదు.

పని మొదలుపెట్టాను. అన్నీ నాలుగు తీగల మీదికి రావు. కీబోర్డు వెనకాల పరిచే గుంపు స్వరాలను వదిలేశాను. క్లారినెట్ రాగాన్ని పై తీగకు తెచ్చి, బేస్ గిటారులో ముఖ్యమైన స్వరాలను మాత్రం దాని పక్క తీగ మీద అదే కమానుతో కలిపి లాగాను. డోలక్ దెబ్బలకు తీగను వేలితో మీటాను.

అన్న ఆదివారాలు వచ్చి తన వరస వాయించేవాడు, నేను స్వరాలు రాసుకునేదాన్ని. ఒక వారం, ఎప్పుడూ ఒక్క గుక్కలో వాయించే చోట మధ్యలో ఆగాడు. కొత్తగా మార్చాడేమో, బాగుందే అనుకుని అక్కడ నిలుపు గుర్తు పెట్టాను. పై వారం ఇంకోచోట ఆగాడు. అక్కడా పెట్టాను. వారం వారం నిలుపులు పెరిగి, రాగం ముక్కలు ముక్కలైంది.

"అన్నా, ఈడ ఇంతసేపు ఆపల్లనా?" అని కాగితం చూపించాను.

ఆయన క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. "అది ఆపడం కాదుమ్మా. ఊపిరి అందడంల్యా."

బయట రాళ్ల లారీ పోతోంది.

"డాక్టరుకు చూపించినావా?"

"కర్నూల్లో చూపిచ్చినా. లోపల రాతిదుమ్ము శానా పేరుకుపోయిందంట. తగ్గేది కాదంట. ఇంట్లో చెప్పలే, నువ్వూ చెప్పద్దు."

ఆయనే మళ్లీ అన్నాడు. "ఆ నిలుపులన్నీ కొట్టెయ్ మా. నీ కమానుకు ఊపిరితో ఏం పని? పొడుగ్గా లాగు."

కొట్టేశాను.

దసరా నాటికి ఆయన మంచం దిగలేకపోయాడు. ముక్కుకు గొట్టం, పక్కన గురగురమంటూ ఆక్సిజన్ మిషను. ఆయన భార్య కబురు చేస్తే వెళ్లి వాయించాను. ఆయన కళ్లు మూసుకుని, దుప్పటి మీదే క్లారినెట్ పట్టుకున్నట్టు వేళ్లు కదిలించాడు. అందరూ కలిసే చివరి చోట ఒక్క వయొలిన్ మరీ పలచగా వినిపించి నాకు కష్టమేసింది. ఆయన మాత్రం, "చాలు మా. ఇంతే కావల్ల నాకు" అన్నాడు.

కార్తీకంలో పోయాడు. సంతాప సభలో ఆ సంగీతాన్ని ఒక్కదాన్నే వాయించాను. మిగతా ఆరుగురూ ఉత్త చేతులతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాయిస్తున్నంతసేపూ వాళ్లలో ఎవరో దగ్గుతూనే ఉన్నారు. నేను తల ఎత్తి చూడలేదు.

వయొలిన్ పెట్టెలో పెడుతుంటే, డోలక్ వాయించే అతని భార్య పక్కకు వచ్చింది. అతనూ పెళ్లికి ముందు నుంచీ రాళ్లు కోసే మిషను మీదే పనిచేస్తున్నాడు.

"అక్కా, మా ఆయన దెబ్బలు గూడా ఉండాయా దాంట్లో?"

"ఉండాయి. తీగ మీటినా కదా, అవే."

"సరిగా వినపడలే అక్కా. ఇంటికి రా. ఆయన వాయిస్తాడు, బాగా రాసుకుందువు." కొంచెం ఆగి, "తొందరగా రా" అంది.

ఆ వారమే వెళ్లాను. డోలక్ ముందు పెట్టుకుని, అతను నా కోసమే కూర్చుని ఉన్నాడు.