తిన్నగా ఉన్న కాళ్లు

నిన్న వీడియో కాల్లో మీలో చిన్నది తను గీసిన దయ్యం బొమ్మ చూపించింది. దయ్యానికి కాళ్లు తిన్నగా వేసింది. అప్పటినుంచి ఒకాయన కాళ్లే నా కళ్లలో మెదులుతున్నాయి, పిల్లలూ.

మా నాన్న రాజమండ్రిలో ఒక రైస్ మిల్లుకి అకౌంటెంటు. కాళ్లు ఆడినంతకాలం ప్రతి ఆదివారం జైలుకెళ్లి ఖైదీలకు లెక్కలు నేర్పారు. తిరిగొచ్చాక, శ్మశానం నుంచి వచ్చినవాళ్లలా నూతి దగ్గర తలస్నానం చేస్తేగానీ మా బామ్మ ఆయన్ని లోపలికి రానిచ్చేది కాదు. దాంతో జైలంటే చచ్చిపోయినవాళ్లుండే చోటనుకున్నాను నేను.

ఒకరోజు గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు.

"జైలు నుంచొచ్చానమ్మా. నాన్నగారున్నారా?"

నేను ఆయన కాళ్లకేసి చూశాను.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావు?"

"దయ్యాలకి కాళ్లు వెనక్కి తిరిగుంటాయని మా బామ్మ చెప్పిందండి."

ఆయన నవ్వాడు. "తిన్నగానే ఉన్నాయిగా తల్లీ! పొద్దున్న ఇంటికెళ్తే మా అమ్మ ఆపాటి కూడా చూళ్లేదు. తలుపేసేసుకుంది."

"ఒరేయ్ అబ్బాయ్, అతనికి నూతి దగ్గరే పెట్టు అన్నం," అని లోపల్నుంచి బామ్మ కేకేసింది. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన పక్కనే పీట వేశారు. తింటున్నంతసేపూ ఆయన గుమ్మం వైపే చూశాడు, ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు.

సాయంత్రం వెళ్లిపోయాడు. నాన్న ఎంత వాకబు చేసినా మళ్లీ కనబడలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో నాన్న నూతి దగ్గర ఆగలేదు. బామ్మా ఆగమనలేదు.

ఆ కాళ్లు చివరికి ఏ గుమ్మం ఎక్కాయో నాకిప్పటికీ తెలీదు. ఇంటికి కొత్తవాళ్లెవరొచ్చినా, ముఖం కన్నా ముందు కాళ్లే చూస్తాను.