ఎడమ వెనుక తలుపు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. నిజమే. అయినా ఒక్క మాట మాత్రం పన్నెండేళ్లుగా లోపలే ఉండిపోయింది. అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తొచ్చే బరువు అది. ఆవిడకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

ఖమ్మంలో కార్లకు సీట్లు కుట్టడం నా పని. మొన్న ఒక గిరాకీ ఫోన్లో అమ్మకం ప్రకటన చూపించాడు. పాతకాలపు విదేశీ కారు, ముదురు ఎరుపు రంగు, తోలు సీట్లు. కింద యజమానుల వరస కూడా ఉంది. మొదట జమీందారు, తర్వాత ఒక వ్యాపారి, ఇప్పుడు అమ్ముతున్నాయన. ఆ సీట్లు కుట్టింది నేనే. జమీందారుకూ వ్యాపారికీ మధ్య ఇంకొకరు ఉండాలి.

జమీందారు ఊరు విడిచిపోతూ ఆ కారును ములకలపల్లి వైపు అడవి అంచున ఉన్న మిషన్ దవాఖానాకు ఇచ్చేశాడు. అప్పుడది తెల్ల కారు. గూడేల నుంచి పురిటి నొప్పుల ఆడవాళ్లను ఏళ్ల తరబడి మోసింది. దారిలో కారులోనే బిడ్డ పుడితే, తల్లి ఏ పేరు చెబితే ఆ పేరు డ్రైవరు పెన్సిలుతో తలుపు లోపలి చెక్క మీద రాసేవాడట.

దవాఖానా నుంచి కొన్న వ్యాపారి దానికి ఎరుపు రంగు వేయించి, సీట్ల కోసం నా దగ్గరికి పంపాడు. తర్వాతెప్పుడో ఎవరో తలుపులకు వేసిన పాత గుడ్డ విప్పితే ఎడమ వెనుక తలుపులో ఆ పేర్లు కనిపించాయి. పదకొండు. చివరి పేరు పక్కన చిన్న సిలువ గుర్తు, 'తల్లి పోయింది' అన్న రెండు మాటలు. శవం మోసిన బండంటే ఎవరూ కొనరు, కప్పెయ్యమన్నాడు వ్యాపారి. కొత్త తోలు వేసి కప్పాను. దాన్ని తప్పని ఇప్పటికీ అనుకోను.

తప్పు ఆ తర్వాతి వారం జరిగింది. ముప్పై ఏళ్లావిడ, చేతిలో టిఫిన్ బాక్సు, కొట్టు ముందు నిలబడింది.

"అన్నా, గీ బండి మిషన్ దవాఖానాది కదా?"

"కాదమ్మా. రాజుల బండి ఇది."

"నేను అండ్లనే పుట్టిన్నంట. మా అమ్మ అండ్లనే పోయింది. అందరు విజయ అంటరు, అది మా నాయనమ్మ పెట్టిన పేరు. మా అమ్మ పెట్టిన పేరు తలుపు లోపట రాసిండ్రంట. దవాఖానా ఆయమ్మ చెప్పింది. డ్రైవర్ తాత ఎప్పుడో సచ్చిపోయిండు. గా పేరేందో ఎవరికీ తెల్వదు."

"ఆ తెల్ల బండి ఎప్పుడో తుక్కుకు పోయిందమ్మా."

"అవ్నా," అంది. టిఫిన్ బాక్సు ఇంకో చేతిలోకి మార్చుకుంది. "పనికి అడ్డమొచ్చిన, ఏమనుకోకు అన్నా."

వ్యాపారి భయంతో అలా అన్నానని చెప్పుకోవచ్చు. కానీ ఆ రోజు ఆయన ఊళ్లోనే లేడు. నాలుగు మేకులు లాగితే చాలు, పావుగంట పని. మరి ఎందుకు అబద్ధమాడాను? రాజుల బండి కుట్టినవాడినని అప్పటికే బజారంతా చెప్పుకుని తిరుగుతున్నాను. ఆ గొప్ప పోతుందని. మనసు ఎంత వెతికినా ఇంతకంటే పెద్ద కారణం దొరకదు, ఇంత చిన్న కారణానికి ఒక మనిషికి తల్లి ఇచ్చిన ఒకే ఒక్క వస్తువును దాచేశానా అని నాకే సిగ్గేస్తుంది.

ములకలపల్లి దగ్గర నర్సుగా చేస్తున్నానని చెప్పింది. వెతకలేనంత దూరమేమీ కాదు. ఒకసారి బయల్దేరాను కూడా. దారిలో తల్లాడలో బస్సు దిగి టీ తాగి వెనక్కి వచ్చేశాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి?

ఇప్పుడు కారు ఎవరి చేతికి పోతుందో తెలియదు. నా పని గట్టిది, ఆ తోలు దానంతటది ఊడదు.

ఆమె పేరు సుక్కమ్మ. ఈ పన్నెండేళ్లలో ఆ పేరు పైకి అనడం ఇదే మొదటిసారి.