ఎవరూ లేనోళ్లకే జాగా

ఆకలి కడుపుతో వేసిన నాటు నిలవదని అండాలు మల్లప్ప పటేలుకు మడిలోనే చూపించింది. తోటి కూలి ఎస్తేరు ఆ రోజు ఆమె పక్క వరుసలోనే వంగి ఉంది గనక, ఇది ఎవరో చెప్పగా విన్న ముచ్చట కాదు.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, హాలియా పక్కన యాసంగి నాట్లు. సాయంత్రం కాలువ బందు పెడతారట, మిగిలిన రెండు మళ్లూ అయ్యేదాకా ఎవరూ సద్ది విప్పొద్దని పటేలు గట్టు మీద నిలబడి ఉరిమాడు. పన్నెండు మంది ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తలేదు. ముఠాకు పెద్ద అండాలు. ఆమె మాత్రం లేచి నిలబడింది.

"పటేలా, నువ్వు తిన్నవా?"

"తిన్న. తింటే ఏంది?"

"నీ బర్రె తిన్నదా?"

"తిన్నది."

"అయితే బర్రెతోని నాటేయించుకో."

పటేలు మొహం మాడిపోయింది. "మీరు తినకుంటే నారు నాటుకోదా ఏంది?" అన్నాడు.

"చూడు మరి" అని అండాలు ఒక కట్ట అందుకుంది. వేళ్లు బురదలో దిగీ దిగనట్టు, నారు అడుగు నీళ్లకు ముట్టించీ ముట్టించనట్టు వరుస వేసుకుంటూ పోయింది. ఆమె గట్టెక్కేసరికి ఆ వరుసంతా లేచి నీళ్ల మీద తేలింది. "గిది ఆకలి నాటు పటేలా. రెండు మళ్లు గిట్లనే ఏస్తం, మంచిదేనా?"

ఆడవాళ్లు నవ్విన నవ్వు కాలువ అవతలికి వినిపించింది. పటేలు తానే పోయి సద్ది గిన్నెలన్నీ మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. ఇంటి నుంచి తొక్కు కూడా తెప్పించాడు.

అండాలుది అదే తీరు. ముందు కడుపు, తర్వాతే మాట.

ఆమెకు మొగుడు పోయి ఇరవై ఏళ్లు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక్క అన్న, కురుమయ్య. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. చెల్లెలి బొట్టు పోయిన నాడు ఆమెను తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. సాగర్ కాలువ మీద లష్కరు పని ఆయనది, అంటే తూముల షట్టర్లు ఎత్తి దించడం. ముప్పై ఏళ్లు చేసినా పర్మినెంటు కాలేదు. ఒళ్లు వంగినన్నాళ్లు జీతం ఇచ్చారు, వంగనినాడు దండం పెట్టి పంపారు. ఎవరి మడికి ఎన్ని గంటల నీళ్లో కాగితం చూడకుండా చెప్పిన ఆ మనిషే, బీడీలు ఎక్కడ పెట్టాడో మరవడం మొదలుపెట్టాడు. తర్వాత తిన్న అన్నం మరిచాడు. తర్వాత ఇంటి దారి మరిచాడు. మరవనిది కాలువ ఒక్కటే. ఎదురొచ్చిన ప్రతివారినీ ఆపి, "నీళ్లెన్ని అడుగులున్నయ్?" అని అడిగేవాడు.

నల్లగొండ దవాఖానలో డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "ఇది ముసలితనం కాదమ్మా, మతి పోయే జబ్బు. పెరుగుడే గాని తగ్గుడు లేదు."

పోయినేడు కోతలప్పుడు, పట్టపగలు, కురుమయ్య తన పాత తాళపుచేయితో ఒక తూము షట్టరు ఎత్తేశాడు. దిగువన ఆరబోసిన వడ్లన్నీ తడిశాయి. ఇద్దరు పడుచువాళ్లు వచ్చి ఆయన్ను నెడితే పెదవి చిట్లింది. ఎవరికీ తల వంచని అండాలు ఆ రోజు వాళ్ల కాళ్ల దగ్గర కూర్చుంది. మరునాటి నుంచి పనికి పోయేటప్పుడు అన్న కాలికి దూడ పలుపు కట్టి, ఇంకో కొస మంచం కోడుకు కట్టి పోయేది. కుండ దాకా, గడప దాకా అందేలా తాడు వదిలేది.

ఎస్తేరు కండ్లు అది చూడనే చూశాయి. మోకాళ్లు పోయి నాట్లు మానేసిన తర్వాత ఆమెకు కండ్లకూ నోటికీ తీరిక ఎక్కువ.

"ఏందే పిల్లా, తోడబుట్టినోన్ని కోడె లెక్క కట్టేస్తివి? దేవుడు చూస్తలేడనుకున్నవా?"

"చూస్తుండు గదా అక్కా. చూసుకుంట జర కావలి గూడ ఉండుమను."

ఆ మాటకు ఎస్తేరు వారం రోజులు అండాలు గడప తొక్కలేదు.

ఆ చలికాలమే అన్నను ఎక్కడన్నా చేర్పిద్దామని అండాలు వృద్ధాశ్రమాల వెంట తిరిగింది. పట్నం అంచున ఒకటి చూసింది. అద్దాల తలుపులు, తెల్ల దుప్పట్లు. వాళ్లు నెలకు అడిగింది అండాలు సీజనంతా వంగినా పుట్టదు. నల్లగొండలో ఇంకొకటి చూసింది. అక్కడి మేనేజరు చక్కెర మాటలు చెబుతుంటే అండాలు వినకుండా ముసలివాళ్ల కాళ్ల వైపే చూసింది. ఇంటికొచ్చి ఎస్తేరుతో అంది:

"మొహమంటే మనం వస్తున్నమని కడుగుతరక్కా. కాలిగోర్లు ఎవడు తీస్తడు? గాడ ఒక్కొక్కలకు గోర్లు పెరిగి వంకర తిరిగినయ్. మా అన్నను గాడ ఎయ్య."

మూడోది యాదగిరిగుట్ట తోవలో ఉంది. పుట్టినరోజులకు, సంవత్సరీకాలకు జనం పోయి అక్కడ అన్నం పెట్టి వస్తారు. అండాలు కూడా అట్లాగే పోతానంది. వంటింటి దాకా పోతే తప్ప ఇల్లు అర్థం కాదని ఆమె లెక్క. ముఠా ఆడవాళ్లు తలా ఇన్ని బియ్యం పోశారు, అందరూ ఆటోలో బయలుదేరారు. ఎస్తేరును రమ్మంటే మూతి విరిచింది. "పెట్టేది అన్నం, చూసేది గోర్లు. గిసొంటి దానం నాకొద్దు" అంది.

"అయితే మా అన్న కాడ కూసో" అంది అండాలు.

"కూసుంట. నీ పలుపు మాత్రం నేను ముట్ట."

ముట్టకుండా ఒక గంట గడిచింది. ఎస్తేరు పాట పాడితే కురుమయ్య బుద్ధిగా విన్నాడు. పాట అయిపోగానే, "నీళ్లెన్ని అడుగులున్నయ్?" అన్నాడు. "నాలుగు" అంది, ఏదో ఒకటి చెబితే పోతుంది గదా అని. "నాలుగా? షట్టరు దించాలె" అని లేచాడు. "కాదు కాదు, రెండే అన్నా." "రెండా? ఎత్తాలె" అని గడప దాటాడు. అంగీ పట్టుకుంటే ఆమెను కూడా ఈడ్చుకుపోయాడు. కాలువ కట్ట మీద ఎస్తేరు బోర్లా పడింది, అరచేతులు చెక్కుకుపోయాయి. తలెత్తేసరికి ఆయన మెట్లు దిగి మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. పారే కాలువ అది, ఇంకో మెట్టు దిగితే మనిషి ఎక్కడ తేలతాడో ఎవరికీ తెలియదు. ట్రాక్టరు మీద పోయేవాడు దూకి, రెక్క పట్టి పైకి లాగాడు.

ఇంటికి తెచ్చాక ఎస్తేరు పలుపు అందుకుంది. ఒక ముడి వేసింది. చాలదనిపించి ఇంకొకటి వేసింది. ఆ తర్వాత ఆయన మొహం చూడలేక బయట అరుగు మీద కూర్చుంది.

పొద్దు గూకే వేళకు అండాలు వచ్చింది. "అక్కా, అందరి గోర్లు తీసున్నయ్" అంటూనే వచ్చింది గాని, మొహంలో వెలుగు లేదు. కూర్చుని చెప్పింది. ముందు వండి పెట్టింది, అందరూ తిన్నారు. అన్నదానం ఎవరి పేరు మీద అని అడిగితే మా అన్న కురుమయ్య పేరు మీద అని గొప్పగా చెప్పింది. చెల్లెలు అండాలు అని బోర్డు మీద రాశారు. ఆడవాళ్లందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. ఇదంతా అయ్యాక, చేతులు కడుక్కొని, ఆశ్రమం చూసుకునే ప్రమీలమ్మను అసలు సంగతి అడిగింది.

"గీ మాట అన్నానికి ముందే అడగరాదమ్మా?" అందట ప్రమీలమ్మ. "ఎవరూ లేనోళ్లకే మా కాడ జాగా. అయినోళ్లు ఉన్నోళ్లను తీసుకుంటే, గుట్ట కాడ ఇడిచిపెట్టిపోయినోళ్లను నేనేడ పెట్టాలె?"

"గామె మాటల తప్పేం లేదక్కా" అంది అండాలు. "తప్పుంటే కొట్లాడుదును."

లేచి లోపలికి పోయి, అన్న కాలి దగ్గర వంగింది. వంగినదల్లా ఆగిపోయింది.

"ఈ ముడి నాది కాదు."

ఎస్తేరు చెక్కుకుపోయిన అరచేతులు కొంగులో దాచుకుంది. అండాలు ఎత్తిపొడిస్తే బాగుండుననుకుంది. ఆమె ఎత్తిపొడవలేదు. రెండు ముడులూ నెమ్మదిగా విప్పి, వాచిన చీలమండకు ఆముదం రాసి, వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, పేరు చెప్పరానోళ్లు గాడ చానమంది ఉన్నరు. మగోళ్లకు నర్సింహులని, ఆడోళ్లకు లచ్చమ్మని వాళ్లే పేర్లు పెట్టుకుంటరట. పిలిస్తే పలుకుతున్నరు. తింటున్నరు. గేటు కాడ మనిషుంటడు, కాలువ లేదు."

"అయితే?"

"నన్ను చూసిండ్రు. ముఠా ఆడోళ్లందరిని చూసిండ్రు, ఫోటోల ఉన్నరు. మా అన్నను చూడలే. నిన్ను చూడలే."

ఎస్తేరుకు అర్థమైంది. "ఆదివారం ఆదివారం చర్చిల లేచి సాక్ష్యం చెప్పే నోరే ఇది. దీంతోని అబద్ధమాడిస్తవా?"

"గందుకే నిన్నడుగుతున్న. నీ తెల్లచీర, నెరిసిన తల చూస్తే ఎవ్వలు ఎదురడుగరు. వారం దినాలు ఆయనకు తానం పొయ్య, గడ్డం గీయించ. సుబ్బరంగున్నోడు దొరికిండంటే నమ్మరు గదా." అండాలు కొంగుతో మొహం తుడుచుకోలేదు, ఏడవనూ లేదు. నాటు కూలీలకు మడి చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పింది. "బేస్తారం పొద్దుగాల బస్సెక్కుండ్రి. గుట్ట కింద కూసుండెనమ్మా, చూడబుద్ధి గాక తోల్కొచ్చిన అను. ఠాణాల రాయించుమంటే రాయించు, వేలిముద్ర ఏయుమంటే ఏయి. పేరడిగితే తెల్వదను. అయినోళ్లెవలని అడుగుతరు. అడిగితే..."

లోపల కురుమయ్య నీళ్లెన్ని అడుగులని ఎవరినో అడుగుతున్నాడు.

"ఎవ్వలు లేరని చెప్పు. గా ఒక్క మాటకు నా నోరు తిరుగుతలేదక్కా. నువ్వు చెప్పి రా."