అత్త తిప్పిన ఇంజిన్

మా ఊరు వాడిపట్టిలో పొద్దున్నుంచి ఎండ కాస్తోంది. నారుమడికి నీళ్లు పెట్టాలని పాత డీజిల్ ఇంజిన్‌కు, చేత్తో తిప్పే పని లేకుండా, సెల్ఫ్ మోటార్ బిగిస్తున్నాం. "దీని కంప్రెషన్‌కు చిన్న మోటార్ చాలదన్నా, పెద్దదే పెట్టాల," అన్నాడు మెకానిక్. నాకు మేనత్త గుర్తొచ్చింది.

హ్యాండిల్ పెట్టి తిప్పే ఇంజిన్ మీకూ గుర్తుండే ఉంటుంది. నా చిన్నప్పుడు ఓ వేసవిలో ఇదే ఇంజిన్ హ్యాండిల్ ఎదురు తన్ని నాన్న మణికట్టు వాచింది. నీళ్లు లేక నారు ఎండుతోంది. పుట్టింటికి వచ్చిన అత్త కొంగు దోపి హ్యాండిల్ పట్టుకుంది.

"విడు అక్కా, ఆడదానికి లొంగే ఇంజినా అది?" అన్నాడు నాన్న.

"నీకు మాత్రం లొంగిందా తంబీ? ఊరికే కూచో."

ఇంజిన్ పైన చిన్న లివర్ ఎత్తితే లోపలి గాలి బయటికి పోయి, కంప్రెషన్ తగ్గి చక్రం తేలిగ్గా తిరుగుతుంది. నాన్న తొందరపడి, చక్రం ఊపందుకోకముందే దాన్ని దించేవాడు. అత్త చక్రం హోరెత్తేదాకా తిప్పి, అప్పుడు దించింది. ఇంజిన్ ఒక్కసారి మూలిగి అందుకుంది. అగ్గిపుల్ల లేదు, నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ మండింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

సాయంత్రానికి మడి నిండింది. మర్నాడు పొద్దున బస్సుకు అత్త పొల్లాచ్చిలోని తన ఇంటికి వెళ్లిపోయింది.