ఆమెన్ అనేలోపు

ఎల్లారెడ్డిలో చర్చివాళ్ల యువజన సంఘం మాకు కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం నేర్పేది. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని. పంతుళ్లు తప్పు లేకున్నా కొట్టేవారు, కరెంటు తప్పు చేస్తేనే కొట్టేది. అందుకే దీని దగ్గర నిలిచాను.

పనికి ముందు ప్రార్థన. నేర్పే అన్న నియమం ఒక్కటే: "ఆమెన్ అనేదాక ఎవ్వడు కండ్లు తెరువొద్దు, కప్పు కూలినా సరే." నేను మాత్రం ఒక కన్ను దేవుడికిచ్చి, ఇంకోటి లోకానికి ఉంచుకునేవాణ్ని.

ఆ లోకం కంటికే, గొడ్డలి కామ, ఉత్త కర్ర పిడి, పట్టుకొని లోపలికొచ్చిన నా పక్కవాడి తండ్రి కనిపించాడు. కొడుకు తనతో ఇటుక బట్టీకి రానన్నాడని ఆయన కోపం. నేను నోరు తెరిచేలోపే కామ వాడి కుడి మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది. వాడు గావుకేక పెట్టాడు.

ఒక్కరూ కళ్లు తెరవలేదు. మా ప్రార్థనలో ఏడ్చేవాళ్లు, అరిచేవాళ్లు మామూలే. వీణ్ని దేవుడు తాకాడనుకొని అన్న గొంతు పెంచాడు: "స్తోత్రం! స్తోత్రం!" అందరూ అందుకున్నారు.

కామ మళ్లీ అదే చేతి మీద పడింది. అడ్డం పోయాను. మూడో దెబ్బ నా మూతి మీద. నెత్తురుతోపాటు పన్ను ఉమ్మి అరిచాను:

"అన్నా, జల్ది ఆమెన్ అను! సంపుతున్నడు!"

అప్పుడు తెరిచారు. ఆ తర్వాత ఆయన్ని కింద పడేసి మావాళ్లు తన్నిన తన్నులు చూడలేం. తల పగిలింది. వేలాడుతున్న చేత్తోనే కొడుకు తండ్రి మీద అడ్డం పడ్డాడు.

"సంపకుండ్రి! పోలీసోళ్లకు ఇద్దాం!"

సంఘం జీపులో ఇద్దరినీ కామారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాం. తలకు కట్టుతో తండ్రి, డాక్టర్‌ను మెల్లగా అడిగాడు: "వేళ్లు ఆడుతయా సారూ?"

"ఎందుకు బాపు? ఆడితే అవి గూడ ఇరగ్గొడ్తవా?" అన్నాడు కొడుకు.

కదిలించమన్నాడు డాక్టర్. బొటనవేలు కొంచెం కదిలింది. మిగతావి కదలలేదు. తండ్రి గోడ వైపు తిరిగాడు.

పోలీసు వచ్చి, కేసు పెడతావా అని కొడుకును అడిగాడు.

"పెడ్త. ఇయ్యాల ఇడిసిపెడితే, రేపు తమ్ముని మీదికి పోతడు."

ఇంటర్ చదివినవాడు, ఫిర్యాదు కింద ఎడమచేతి వేలిముద్ర వేశాడు.