దైవాధీనం గారు మడ మొక్క చూసిరావడం

అవనిగడ్డలో స్థిరపడ్డ రిటైర్డ్ బస్సు కండక్టరు దైవాధీనం గారు దేన్నీ ఊరికే నమ్మరు. నోటు చేతికొస్తే వెలుగుకి పట్టి చూస్తారు. పాలచుక్క గోటి మీద వేసుకుని చూస్తారు. పొద్దున్నే బోరు నీళ్లు పుక్కిలించి, "నిన్నటికన్నా ఉప్పగా ఉన్నాయి" అని ఉమ్మేస్తారు. పర్యావరణాన్ని కాపాడడంలో మన దేశం ముందుందని టీవీలో ఒకాయన, వెనకబడిందని ఇంకొకాయన వాదించుకుంటుంటే ఆయన ఇద్దరినీ నమ్మలేదు. దివిసీమ తీరంలో వేల మడ మొక్కలు నాటారన్న మాట వినగానే మాత్రం లేచి చెప్పులేసుకున్నారు. "ఫొటోల కోసం పుల్లలు గుచ్చుంటారు, చూసొస్తాను" అని భార్య రాజమ్మతో చెప్పి ఆటో ఎక్కారు.

సముద్రపు పాయ ఒడ్డున, బురదలో, మోకాలెత్తు మొక్కలు వరసగా ఉన్నాయి. ఆయన పంచె ఎగగట్టి దిగి, ఒకదాన్ని పట్టుకుని లాగారు. రాలేదు. అనుమానం తీరక రెండు చేతులా బలంగా లాగారు. వేళ్లు పటపటా తెగి మొక్క చేతిలోకి వచ్చేసింది. పక్కనే పీతలు పడుతున్న అచ్చమ్మ తలెత్తింది.

"అదేంటి బాబాయి గారూ, బతికినదాన్ని పీకేశారు? పోయినేడు మేవే నాటామండీ."

"నాటారో గుచ్చారో చూద్దామని."

"చూశారుగా."

ఆయన బురదలో మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో గుంట తీసి, మొక్కను దించి, చుట్టూ మట్టి అదిమారు.

"బతుకుద్దా అమ్మా?"

"వేళ్లు తెగాయి కదండీ. కష్టమే."

ఆ మాట అబద్ధమైతే బాగుండునని దైవాధీనం గారికి అనిపించింది.